గూట్లో లేని తోలు చెప్పులు

ముత్యాలు కనిపించడం లేదు. ఫోను మంచం మీదే ఉంది.

ఆ కబురు ఒడిశాలోని మార్కండి పల్లె ఒడ్డుకు చేరిన వెంటనే పడవలు సముద్రంలోకి దూకాయి. ఈసారి వెతుకుతున్నది చేపల్ని కాదు.

కిందటి తుఫానులో ముత్యాలు చేతిలోంచే అతని తమ్ముడు అలల్లోకి జారిపోయాడు. అప్పట్నుంచి ముత్యాలు వేటకు పోలేదు. సరిగ్గా నిద్రపోలేదు. సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. నిన్న మాత్రం భార్య కన్నమ్మతో ఒక మాటన్నాడు: "రేపటితో ఈ బాద తీరిపోద్దే."

"ఆ మాట నాకెందుకు అర్తం కాలేదు రమక్కా!" గుమ్మంలో కూలబడింది కన్నమ్మ.

స్కూటర్ దిగిన రమాదేవి ఆమె భుజం పట్టుకుంది. తుఫాను దెబ్బతిన్న ఊళ్ళలో జనం గోడు విని, ధైర్యం చెప్పడం ఆమె ఉద్యోగం. అంకులి నుంచి వారం వారం వస్తుంది. ముత్యాలు స్నేహితుడు ధనరాజు ఆమెకు 'పిచ్చి మేడమ్' అని పేరు పెట్టాడు. పెద్దాసుపత్రికి వెళ్ళమని ఆమె చెబితే, "ఎల్లకురా, గొలుసుల్తో కట్టెత్తారు" అని అందరి ముందూ ఎగతాళి చేశాడు. ముత్యాలు తల దించుకుని వెళ్ళిపోయాడు.

"ఏడుపాపి, ఏం పట్టుకెళ్ళాడో చూడు."

మంచి చొక్కా లేదు. తువ్వాలు లేదు. గూడు వైపు చూసిన కన్నమ్మ చటుక్కున లేచింది.

"అక్కా! తోలు సెప్పులు నేవు!"

"అయితే?"

"సంద్రం కాడికి మావోలెవులూ సెప్పులేసుకెల్లరు. ఇసకలోకి ఒట్టికాల్లే. అవి పెల్లిల్లకేసుకునేవి. మావ రోడ్డెక్కాడు!"

స్కూటర్ ఛత్రపురం వైపు దూసుకుపోయింది.

"నెత్తి మీద తువ్వాలేసుకున్నోడా?" అన్నాడు దారిలో ఆపి అడిగిన ఆటో డ్రైవరు. "రైలు గేటు కాడ దిగాడు. పట్టాలెమ్మట నడిసెల్లిపోయాడు."

గేటు దగ్గర కన్నమ్మ స్కూటర్ మీంచి దూకింది. సముద్రం కాకపోతే రైలా? పట్టాల పక్కనే పరుగెత్తింది. స్టేషన్లో టీ అమ్మే ఆవిడ ఒడియాలో చెప్పింది: ఆ మనిషి బరంపురం ప్యాసింజర్ ఎక్కాడు, చెప్పులు కరుస్తున్నాయని చేత్తో పట్టుకుని మరీ.

రమాదేవి గట్టిగా ఊపిరి వదిలింది. "బరంపురమా? అయితే ఎక్కడున్నాడో నాకు తెలుసు. పద!"

పెద్దాసుపత్రిలో మనోవైద్యుడి గది. బయట బెంచీ మీద తువ్వాలు ముసుగేసుకుని ఒక మనిషి. బెంచీ కింద తోలు చెప్పులు.

కన్నమ్మ ముసుగు లాగేసింది. "ఓలమ్మో! బాద తీరిపోద్దంటే ఇదా మావా! సెప్పి రావొచ్చు కదేటి?"

"డాట్రు కాడికెల్తే తీరిపోద్దని రమక్కే కదా సెప్పింది," నసిగాడు ముత్యాలు. "నీకు సెప్తే ఊరంతా తెలిసిపోద్ది. ఆ ధనరాజు గాడు బతకనిస్తాడేటి?"

"ఫోనెందుకొదిలీసినావు?"

"నువ్వు సేస్తే అబద్దమాడాల. నానాడ్లేను."

బెంచీ రెండో కొసన ఇంకో తువ్వాలు ముసుగు దగ్గింది. మెల్లగా తొలగింది. లోపల ధనరాజు!

"ఒరే, నువ్వేటిరా ఇక్కడ?"

"గాలేస్తే సాలు, మంచం కింద దూరిపోతన్నాన్రా," గొణిగాడు ధనరాజు. "ఒకే బండిలో వొచ్చినట్టున్నాం. ఊర్లో సెప్పకురా, నీ కాల్లట్టుకుంతాను."

ముత్యాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. తుఫాను తర్వాత ఆ నవ్వు వినడం కన్నమ్మకు ఇదే మొదలు. కళ్ళు తుడుచుకుంటూనే చెప్పు అందుకుంది.

"ఇద్దర్నీ దీంతోనే కొడతాను! అక్కడ నీకోసం అందరూ పడవలు తీసారు. మనది కూడా!"

ముత్యాలు అదిరిపడి లేచాడు. "మనదా? దానికి ఎడం పక్క సిల్లుంది, నీల్లొచ్చేత్తాయి! రమక్కా, ఫోనియ్యి!"

ఫోనులో అతని కేకకు బెంచీ అంతా తిరిగి చూసింది.

"ఒరే, ఒడ్డుకొచ్చేయండ్రా! నాకేటవలేదు. బరంపురంలో ఉన్నాను." ధనరాజు వైపొకసారి చూశాడు. "ఆసుపత్రిలో. మనసు డాట్రు కాడ. ఆఁ, నానే వొచ్చాను. ముందు పడవలు తిప్పండి!"

లోపల్నుంచి అతని పేరు పిలిచారు. ముత్యాలు చెప్పులేసుకుని, కుంటుకుంటూ వెళ్ళాడు.

అతని చోట్లో కూర్చుంది కన్నమ్మ. పక్కన ధనరాజు మళ్ళీ తువ్వాలు కప్పుకోబోయాడు.

"తీసీ ధనరాజన్నా," అంది. "ఉక్కకి సచ్చిపోతావు."