నూనెలో గ్యాస్

కరెంటు సబ్‌స్టేషన్ పెద్దసారుకి యంత్రాల సంగతి అంతంత మాత్రం. కుర్చీ ఎత్తును బట్టి తెలివి కూడా పెరుగుతుందని ఆయన నమ్మకం. అలాంటి మనిషి ముందు నూనె పరీక్షకురాలు రిపోర్టు పెట్టి, "ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో గ్యాస్ కనబడిందండీ," అంది.

ఆయన పొట్ట నిమురుకున్నాడు. "నలభై దాటాక ఎవరికి లేదమ్మా గ్యాస్? దానికీ వయసైపోయింది."

"ఆ గ్యాస్ కాదండీ, అసిటిలిన్. లోపల ఎక్కడో నిప్పురవ్వలు లేస్తేనే ఇంత పుడుతుంది. బయటికి చప్పుడుండదు, పొగ ఉండదు. ఇప్పుడు ఆపితే బాగుచేసుకోవచ్చు. ఆలస్యమైతే పేలిపోవచ్చు."

ఆపడమనే మాట వినగానే ఆయన ముఖం మాడిపోయింది. వారంలో పైవాళ్ల తనిఖీ ఉంది. ఏడాదంతా ఒక్క నిమిషం కూడా కరెంటు పోలేదని గోడ మీద బోర్డు రాయించి పెట్టుకున్నాడు. "నూనె వడకట్టించి, మళ్లీ పరీక్ష చెయ్యండి," అని తేల్చేశాడు.

వడకట్టే యంత్రం నూనెలోంచి గ్యాస్‌ని లాగేస్తుందే తప్ప జబ్బుని కాదు. ఆ ముక్క ఆమె చెబుతుండగానే ఆయన ఫోనెత్తాడు. రెండు రోజుల తర్వాత తీసిన నూనెలో గ్యాస్ సున్నా. ఇక ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. జ్వరం మనిషికి చన్నీళ్లు పోసి, ఒళ్లు చల్లబడిందని మురిసిపోయినట్టుంది ఆమెకి. పైగా ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి ముప్పై అడుగుల దూరంలో, కంట్రోలు గదిలో డ్యూటీ చేసేది ఆమె సొంత తమ్ముడు. రెండు రోజులుగా ఆమెకి ముద్ద దిగడం లేదు.

కొత్త రిపోర్టు అడుగున ఆమె ఒక వాక్యం చేర్చింది: "ఇది వడకట్టాక తీసిన నూనె, లోపం అలాగే ఉండవచ్చు."

అది చదివి పెద్దసారు తలుపు దగ్గరగా వేశాడు. "ఆ వాక్యం కొట్టేయమ్మా. మీ తమ్ముణ్ణి రేపే ఇంకో స్టేషన్‌కి మార్చేస్తాలే."

ఆమె ప్రాణం లేచొచ్చింది. ఆ మరుక్షణం తన మీద తనకే అసహ్యమేసింది.

"మరి వాడి కుర్చీలోకి ఎవరొస్తారండీ?"

"ఎవరో ఒకరు వస్తారు. మీకెందుకు?"

ఆమెకి ఒళ్లు మండింది. అంటే ఈయనకి మొదట్నుంచీ అంతా అర్థమయిందన్నమాట. కలం తీసి, ఆ వాక్యం కింద ఇంకోటి రాసింది: "ప్రమాదం ఉన్నందున నా తమ్ముణ్ణి అక్కడి నుంచి మార్చడానికి అధికారిగారు ఒప్పుకున్నారు." దాని కింద ఆయన పేరు రాసి, కాగితం ఆయన వైపు తిప్పింది.

"సంతకం పెట్టండి," అంది.

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత ఫోనెత్తి, ట్రాన్స్‌ఫార్మర్ ఆపేయమన్నాడు. కంట్రోలు గది కుర్చీలో కూర్చునే మనిషి ప్రాణం చేయించలేని పని, కాగితం మీద ఆయన పేరు పది నిమిషాల్లో చేయించింది.