క్లావ్దియాకు తిట్టడం రాదు

రష్యాలోని వొరోనెజ్‌లో ఇంటిబిడ్డ పరీక్షకు వెళ్తే, బయటికొచ్చేదాకా ఇంట్లోవాళ్ళు తిట్టిపోస్తూ ఉండాలి. ఎంత గట్టిగా తిడితే అంత ఎక్కువ మార్కులు. ఈ లెక్క ఎవరు కట్టారో తెలీదుగానీ, పెద్ద పెద్ద డాక్టర్ల తల్లులు కూడా తప్పకుండా పాటిస్తారు. చిక్కల్లా, క్లావ్దియా నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. ముప్ఫయ్యేళ్ళు లైబ్రరీలో పనిచేసి, పుస్తకాలు చింపినవాళ్ళను కూడా "పోనీలే నాయనా" అనే పంపింది.

రెండేళ్ళుగా ఆమె ఇంట్లో అద్దెకుంటున్న ముటాలే జాంబియా పిల్ల. డాక్టరు చదువుకు వచ్చింది. వచ్చిన కొత్తలో రష్యన్‌లో 'రొట్టె' అనే మాట తప్ప ఏదీ రాని పిల్ల, ఇప్పుడు వాకిట్లో బెంచీ మీది ముసలమ్మలతో సమానంగా ధరల గురించి సణుగుతుంది. శరీర నిర్మాణం పుస్తకమంతా నమిలి మింగింది. కానీ ముగ్గురు ప్రొఫెసర్ల ముందు ప్రశ్నల చీటీ తీసి జవాబు చెప్పమంటే నాలుక మడతపడుతుంది. అలా రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తారు. పెట్టె సర్దుకుని దేశానికి పోవాల్సిందే.

"పదింటికి లోపలికి పిలుస్తారు పిన్నీ. గట్టిగా తిట్టు, మొహమాటపడకు," అని బూట్లు తొడుక్కుంటూ చెప్పి మరీ వెళ్ళింది పిల్ల.

పది కొట్టగానే క్లావ్దియా వంటింట్లో నిలబడి గొంతు సవరించుకుంది.

"ఏమే ముటాలే! నువ్వు... నువ్వు ఉత్త..." ఉత్త ఏమిటో తట్టలేదు. "ఎముకల పేర్లన్నీ చీటీల మీద రాసి నా ఒంటినిండా అంటించావు. వీపు మీద చీటీతోనే రొట్టెల కొట్టుకు వెళ్ళొచ్చాను, సిగ్గులేదూ నీకు?" అంతలోనే నవ్వొచ్చేసింది. "తెల్లారకముందే లేచి మేడ మెట్ల మీద పేరుకున్న మంచునంతా గీకుతావు. ఎవరు గీకమన్నారే?" ఇది తిట్టో పొగడ్తో ఆమెకే అనుమానం వచ్చింది. అలాంటి పిల్లను తిట్టడానికి ఎవరికి మాత్రం నోరొస్తుంది!

చూస్తే పదీ ఐదు. భయం పట్టుకుంది. పరుగున వెళ్ళి ఎదురింటి రిమ్మా తలుపు కొట్టింది. రిమ్మా నోరంటే మేడంతా హడలు.

"ఇంత దానికేనా? తప్పుకో," అని వంటింట్లోకొచ్చి, నడుం మీద చేతులేసుకుని మొదలుపెట్టింది రిమ్మా. "ఒసేయ్ మొద్దుమొహమా! బద్ధకపు పీనుగా! మూడోసారి కూడా బుర్రలో గుజ్జు లేకుండా..."

"నోర్ముయ్!" అని ఒంటికాలి మీద లేచింది క్లావ్దియా. "ఎవరే మొద్దు? లిఫ్టు చెడిపోయిన రోజు నీ బంగాళాదుంపల బస్తా ఐదో అంతస్తుకు మోసింది ఎవరే? నీ కొడుకు ఒక్క మెట్టయినా ఎక్కించాడా?"

"అయ్యో నా ఖర్మ! దాని మంచికేగా తిడుతున్నది! పిలిచింది నువ్వేగా!"

"అక్కర్లేదు. నా పిల్లను నేనే తిట్టుకుంటాను."

ఈసారి తిట్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. "దొంగముఖమా! నా మానాన నేను ఒక్కదాన్నీ టీ తాగి పడుకునేదాన్ని. నిన్నెవరు రమ్మన్నారే? రెండు కప్పులు పెట్టడం అలవాటు చేశావు. ఇప్పుడు పరీక్ష తప్పి, పెట్టె సర్దుకుని పోతావా? పోయి చూడు, కాళ్ళు విరగ్గొడతాను! విశ్వాసం లేనిదానా! రాక్షసీ!" కళ్ళు తుడుచుకుంటూ పదకొండున్నర దాకా ఏకధాటిగా తిట్టింది. రిమ్మా నోరెళ్ళబెట్టి చూస్తూ, మధ్యమధ్యలో మంచినీళ్ళు అందించింది.

ఫోన్ మోగింది. ముందు వెక్కిళ్ళు వినిపించాయి. క్లావ్దియా కుర్చీలో కూలబడింది.

"ఐదుకి నాలుగిచ్చారు పిన్నీ! ఏమని తిట్టావు?"

రిమ్మా ఫోన్ లాక్కుంది.

"ఏమని తిట్టిందా? నువ్వు పోతే తను బతకలేనని తిట్టిందే, పిచ్చిమొద్దా!"

"సూప్ వేడి చెయ్యమను. వస్తున్నా," అంది ముటాలే.