చెట్టు కూలే దూరం

మా ఆయన చెట్లు కోసే మిషన్ పట్టే మనిషి. ఎంత పెద్ద మానునైనా చెప్పిన వైపు పడగొడతాడని పేరు. కోసేముందు "ఎవరైనా ఉన్నారా?" అని కేకెయ్యాలట, ఎవరైనా పలికితే మిషన్ ముట్టుకోకూడదట. అన్నం తింటూ గొప్పగా చెప్పాడు. నేను తిన్నగా వెళ్ళి మా అత్త చెవిన వేశాను.

మా జాతి ఈ అడవిలో ఉన్నది నిన్నా మొన్నా కాదు. ఇక్కడి ముసలి మానులన్నీ కొట్టెయ్యడానికి ఓ కాంట్రాక్టరు దిగి, కోతకు మా మగవాళ్ళనే పెట్టుకున్నాడు. ఆ మానులు పోతే కింద ఊట ఎండిపోతుంది, మేమూ ఊరొదిలి పోవాల్సిందే. కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అత్త ఆడవాళ్ళందరినీ పోగేసింది. "చెట్టును వాటేసుకుంటే లాగి పారేస్తారే. అది కూలితే మనమీద పడేంత దూరంలో పొదల్లో కూర్చుందాం. పిలిస్తే పలుకుదాం."

ఏ కోతగాడి వాటాలో వాడింటి ఆడవాళ్ళనే కూర్చోబెట్టింది. గడుసుది మా అత్త!

పొద్దున్నే మా ఆయన కేకేశాడు. "ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాం!" అన్నాను. నా గొంతు పోల్చుకుని నెత్తి కొట్టుకున్నాడు.

"నేనూ ఉన్నాన్రా!" అంది వాళ్ళమ్మ ఇంకో పొదలోంచి.

అడవంతా అదే జవాబు. కాంట్రాక్టరు పెట్టిన కాపలావాళ్ళు ఒకర్ని ఈడ్చుకెళితే మరో పొద పలికేది. ముళ్ళల్లో పడి ఒళ్ళు గీరుకున్నది వాళ్ళే.

కాంట్రాక్టరుకు ఒళ్ళు మండింది. "పిలవకుండా కొయ్యరా!"

"మా అమ్మ ఉందయ్యా లోపల."

"ఉంటే చావనీ!"

మా ఆయన మిషన్ కింద పెట్టేశాడు. అతని పని పోయిందని తెలుస్తూనే ఉంది. అయినా లేవలేదు.

"రేపు బయటివాళ్ళను దింపుతా, వాళ్ళు ఎవర్నీ పిలవరు," అన్నాడు కాంట్రాక్టరు.

మా అత్త పొదలోంచి వచ్చి చీర దులుపుకుంది. "పిలవకపోతే మానె. మేం పిలవకుండానే పలుకుతాం."

ఇంటికొచ్చాక మా ఆయనకు కంచం పెట్టాను. తిడితే తిట్టనీ, తగ్గేది లేదనుకున్నాను. కంచం ముందు కూర్చుని అన్నాడు.

"నువ్వు కూర్చున్న చోటు తప్పే. ఆ మాను వాలు అవతలికి. నువ్వున్నా కోసెయ్యొచ్చు. రేపొచ్చేవాడికి పని తెలిస్తే కోసేస్తాడు."

"మరెక్కడ కూర్చోవాలి?" అన్నాను.

"అమ్మను పిలువు," అన్నాడు కంచం పక్కకు జరిపి. "ఏ చెట్టు ఎటు పడుతుందో నేను చెప్తా. ఎవరెక్కడ కూర్చోవాలో ఇప్పుడే తేల్చుకుందాం."