పచ్చదైతే దిగు

క్వారీలో ఆమెను అందరూ వదిన అనే పిలిచేవారు. నిజానికి ఆమె వదిన అయ్యేది లోడరు డ్రైవరు ఒక్కడికే. కానీ ఒకడు పిలవడం మొదలుపెడితే మిగతావాళ్ళు వరస కలుపుకోవడం ఎంతసేపు? రాయి పేల్చే మేస్త్రి ఆమె భర్త. గట్టు మీద నిలబడి జెండాలు మార్చడం ఆమె పని. మొగుడు కింద, మరిది కింద, జెండా తాడు ఆమె చేతిలో. ఆ మాట ఎవరైనా అంటే, "ఊరుకోండి, లేనిపోని దడ పుట్టించకండి" అని కసిరేది.

మొన్నటిదాకా అక్కడ జెండాలే లేవు, సైరనొక్కటే. కొత్త మేనేజరు వచ్చి మూడు జెండాలు పెట్టించాడు. ఎర్రది ఎగిరితే పేలుడు. పసుపుది ఎగిరితే పేలుడు అయిపోయింది గానీ మేస్త్రి ఇంకా పేలని మందు కోసం వెతుకుతున్నాడు, ఎవరూ దిగకూడదు. ఆకుపచ్చది ఎగిరితే దిగొచ్చు. ఈ రూలు చెప్పిన రోజు మరిది వేరే క్వారీలో ఉన్నాడు. ఇవాళ పొద్దున తిరిగొచ్చి, టీ గ్లాసుతో గట్టెక్కాడు.

"ఏంటి వదినా, జెండా పండగంట?"

"నువ్వు రెండే గుర్తుపెట్టుకో. ఎర్రదైతే కదలకు. పచ్చదైతే దిగు."

"మరి మూడోది?"

"అది మీ అన్నకీ నాకూ మధ్య. మొగుడూ పెళ్ళాల మాటలు నీకెందుకు?"

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె మాటంటే అతనికి రూలు కంటే ఎక్కువ.

మధ్యాహ్నం సైరన్ మోగింది, కొండ పగిలింది, దుమ్ము లేచింది. దుమ్ము కాస్త అణగగానే ఆమె ఎర్రది దించి పసుపుది ఎగరేసింది. మేస్త్రి తన వాకీటాకీ ఆమె చేతికిచ్చి దిగాడు. పేలని మందు దగ్గర దాన్ని నొక్కితే ఆ మందు కాస్తా పేలవచ్చునని భయం. అడుగున మందు కూరిన ఒక కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి తిరక్కుండానే పిడికిలి పైకెత్తాడు. అంటే అక్కడ మందు పేలలేదు. ఆమె తాడు ఇంకాస్త బిగించి పట్టుకుంది. ఇలాంటివి ఎన్ని చూసినా ఆ పిడికిలి లేచినప్పుడల్లా అంతే.

అప్పుడు లోడరు స్టార్టయింది.

ఇంజను వేడెక్కిస్తున్నాడేమో అనుకుంది. లోడరు కదిలింది. సరిచేసుకుంటున్నాడేమో అనుకుంది. అది మలుపు తిరిగి, దిగుడుదారి పట్టింది. మరిది కిటికీలోంచి తల బయటపెట్టి, జెండా వంక చూసి, ఆమెకు చెయ్యి కూడా ఊపాడు.

"ఒరేయ్, ఎక్కడికిరా? జెండా కనబళ్ళేదా?"

ఆ ఇంజను రొదలో ఎవరి మాట ఎవరికి? కనబడకపోవడమేమిటి, చూసే దిగాడు కదా. చూసి, పచ్చదే అనుకుని.

పచ్చ. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. పెళ్ళయిన కొత్తలో అత్తగారు పచ్చ చీర తెమ్మంటే చిలకరంగుది పట్టుకెళ్ళి ఇచ్చింది. ఇల్లంతా పడీ పడీ నవ్వింది. ఆ ఇంట్లో పచ్చంటే పసుపుకొమ్ము రంగు. ఆకు రంగు కావాలంటే ఆకుపచ్చ అని విడిగా చెప్పాలి. ఆమె పుట్టింట్లో పచ్చంటే ఆకే. పొద్దున తన నోటి నుంచి వచ్చింది పుట్టింటి పచ్చ, మరిది చెవిన పడింది అత్తింటి పచ్చ.

ఎర్రది ఎగరేద్దామంటే మరిది వీపు ఇటే ఉంది. వాకీటాకీలో పిలుద్దామంటే లోడరులో ఇంకోటి లేదు. పరిగెత్తుకెళ్దామంటే లోడరు సగం దారి దిగిపోయింది. మేస్త్రి చెవుల్లో దూది, రోజంతా యంత్రాల మోత విని విని ఈ చప్పుడు లెక్కలోకి రాదు. మిగిలింది సైరన్. మేస్త్రి చెప్పకుండా దాన్ని ముట్టకూడదు. మోగిస్తే ఎవరో మందు అంటించబోతున్నారని అర్థం. మరిది బెదిరిపోయి బ్రేకుకు బదులు ఇంకేదో తొక్కితే? ఆ రాళ్ళలో పరిగెత్తబోయి మొగుడు ఆ కన్నం మీదే పడితే?

ఆమె సైరన్ మీట లాగింది.

మేస్త్రి లేచిన తీరు చూస్తే కింద నేల కాలిందనిపించింది. వెనక్కి తిరిగి ఎదురుగా వస్తున్న లోడరును చూశాడు. చేతులు రెండూ ఎత్తి దానికి అడ్డంగా పరిగెత్తాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే తెరిచేసరికి ఏం చూడాల్సి వస్తుందోనని భయం వేసింది. లోడరు ముందుకు ఊగి ఆగింది. బకెట్టు పళ్ళకూ ఆ కన్నానికీ మధ్య ఒక మంచం పొడవు నేల మిగిలింది.

ఇద్దరూ పైకి వచ్చేసరికి మేనేజరు గట్టు మీద నిప్పులు చెరుగుతున్నాడు.

"జెండా చూడకుండా ఎలా దిగావయ్యా? రేపటినుంచి పనిలోకి రాకు."

"చూసే దిగాను సార్. పచ్చదేగా ఎగురుతోంది." మరిది జెండా వైపు చెయ్యి చూపించాడు.

మేనేజరు తలెత్తి చూశాడు. "ఇది పచ్చా? కళ్ళు దొబ్బాయా నీకు?"

"అతనికి చెప్పింది నేను సార్," అంది వదిన.

"ఏమని చెప్పావు?"

"పచ్చదైతే దిగమని."

"సరిగ్గానే చెప్పావుగా. నీ తప్పేముంది?"

తప్పించుకోవడానికి దారి అంత వెడల్పుగా తెరుచుకుంటుందని ఆమె అనుకోలేదు. మరిది ఆమె వంక చూడటం లేదు, బూట్ల వంక చూసుకుంటున్నాడు. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఆ జెండా రంగు నువ్వేమంటావు?"

మేస్త్రి పైకి చూశాడు. ఆమె ఎందుకడుగుతోందో అతనికి అప్పుడు తెలిసింది.

"పచ్చ," అన్నాడు మెల్లిగా.

"వాళ్ళింట్లో అది పచ్చే సార్," అంది మేనేజరుతో. "పద్నాలుగేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేశాను. నాకు తెలుసు. తెలిసి కూడా ఆలోచించకుండా అన్నాను. రావద్దంటే నన్ను రావద్దనండి."

మేనేజరు ఏదో అనబోయి, కిందనున్న కన్నం వైపు చూసి ఆగాడు. మందు ఇంకా అక్కడే ఉంది. ఎవరో ఒకరు మళ్ళీ దిగాల్సిందే.

మేస్త్రి గట్టు మీద పడి ఉన్న వాకీటాకీ తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు.

"ఈసారి రంగులొద్దు," అన్నాడు. "నేనొచ్చి నీ పక్కన నిలబడేదాకా ఎవర్నీ కదలనివ్వకు."

ఆమె తాడు వదిలేసింది. దిగుడుదారికి అడ్డంగా వెళ్ళి నిలబడింది.