ఖాళీ మూల

చివరి దుప్పటి మడత మీద ఇస్త్రీపెట్టె ఆనించి, ఒంటి బరువంతా మోపి లాగాడు ఇస్త్రీ మనిషి. ఆవిరి మొహాన కొట్టింది. దగ్గొస్తే, బట్ట మీద పడకుండా భుజంలోకి దగ్గాడు. హోటల్ అడుగున ఉన్న ఆ గదిలో పగలూ రాత్రీ ఒకటే. చేతుల మీది వెంట్రుకలు ఏనాడో కమిలిపోయాయి. గోడకున్న గంట మోగితే మడతలు భుజానికెత్తుకుని మెట్లెక్కాలి. ఇక మెట్లెక్కొద్దు, గుండె ఓపదన్నాడు డాక్టరు. ఆ మాట మేనేజరుతో అనడానికి అతనికి నోరు పెగల్లేదు.

"రావోయ్, మంట సర్దుకుంది," అంటూ పక్కగదిలోంచి బావ వచ్చాడు. భార్యకు అన్న, బాయిలరు చూస్తాడు. ఓడల్లో పనిచేసినప్పుడు 'గో' అనే ఆట నేర్చుకొచ్చాడు. చెక్కపలక నిండా బొగ్గుతో నిలువూ అడ్డమూ గీతలు. గీతలు కలిసేచోట పెట్టడానికి ఉతుకుల్లో ఊడిన గుండీలు. నల్లవి అతనివి, తెల్లవి బావవి. ఎవరు ఎక్కువ ఖాళీ జాగా చుట్టుకుంటే వాళ్లది గెలుపు.

"ముందు మూలలు పట్టు. అక్కడ రెండు వైపులా గోడ ఊరికే దొరుకుతుంది. తర్వాత అంచులు. నడుమకి తొందరేం లేదు."

ఎన్నిసార్లు చెప్పినా అతని ఆట మారలేదు. బావ ఎక్కడ గుండీ పెడితే దాని పక్కనే తనూ పెట్టేవాడు. మిగతా పలకంతా బావ పరం.

"నేను తుమ్మితే నువ్వు చీదేట్టున్నావు! ప్రతిదానికీ జవాబివ్వాలా? నీ చోటు నువ్వు చూసుకోవూ?"

"పిలిచాక పలక్కపోతే ఏం బాగుంటుంది బావా?"

"మా చెల్లెల్ని ఒంటిదాన్ని చేస్తే బాగుంటుందా? ఇవాళైనా చెప్పు, మెట్లెక్కలేనని."

అతను నవ్వి, బావ గుండీ పక్కనే ఇంకో నల్లది పెట్టాడు.

బావ నల్లగుండీకి ఆనించి తెల్లది పెట్టాడు. అతని చేయి అలవాటుగా అక్కడికే పోయింది. ఆగింది. తర్వాత పలకకు అడ్డంగా సాగి, ఎవరూ ముట్టని మూలలో గుండీ ఉంచింది.

"అద్గదీ!" బావ తొడ చరిచాడు.

గంట మోగింది. అతను లేవలేదు. గోడకు చేరగిలబడి, పలకకేసి తల వాల్చాడు.

"మోగనీ. కాస్త అరుచుకోనీ వాళ్లని," అన్నాడు బావ సంబరంగా, తన ఎత్తు ఆలోచించుకుంటూ.

గంట మళ్లీ మోగింది. ఆగకుండా మోగింది. బావ తెల్లగుండీ పెట్టి, "ఊఁ, నీదే," అన్నాడు.

"ఏవోయ్, నీదే."

మేనేజరు దిగివచ్చాడు. ముందు దుప్పట్లు పైకి పంపించాడు. ఆ వెనక అతన్నీ అవే మెట్ల మీదుగా మోసుకుపోయారు.

పలక బల్ల మీదే ఉంది. దూరంగా మూలలో ఒక్క నల్లగుండీ, కన్నాల్లో ఎవరి చొక్కాదో దారం ముక్క ఇంకా అలాగే ఉంది.