పప్పు ఉడికే నీళ్ళు

బెళుగుప్ప దాటి పడమటికి పోయే మట్టిరోడ్డు మీద ఆఖరి ఊరు అది. ఆ ఊళ్ళో నీళ్ళు మంచివో కావో ఏ ఆఫీసరూ తేల్చేవాడు కాదు, హనుమక్క తేల్చేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కొత్తగా బోరు పడిందంటే ఆ నీళ్ళతో కందిబేడలు, అంటే కందిపప్పు, ఉడకేసి చూడటం అక్కడి వాడుక. బేడ మెత్తబడితే తాగే నీళ్ళు. గింజ గింజగా మిగిలితే పశువులకూ, బట్టలుతకడానికీ. అంతకు మించి శాస్త్రం లేదు, అడిగినవాడూ లేడు.

తొంభై ఏడు ఎండాకాలంలో ఊరికి ఉత్తరాన కొత్తబోరు వేశారు. మోటరు బిగించి, ట్యాంకు కట్టి, వీధివీధికీ కొళాయిలు ఇస్తామన్నారు. అంతవరకూ ఊరంతా బడి పక్కనున్న చేతి బోరింగు కొట్టుకునే బతికింది. ఆ బోరింగు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలేవి. సబ్బు ఎంత రుద్దినా నురగ వచ్చేది కాదు. ఇక ఆ నీళ్ళతో పప్పు వండాలంటే కట్టెలమోపు తగలెయ్యాల్సిందే. అందుకని ఊరిపెద్ద ఓబుళేసు హనుమక్కకు కబురు పెట్టాడు. ఆమె గంగప్ప భార్యగా ఆ ఊరికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు గానీ, పెళ్ళికైనా దేవర జాతరకైనా వంటలో ఆమె చెయ్యి పడకపోతే జనం ముద్ద దిగదన్నట్టు మాట్లాడేవారు.

హనుమక్క రెండు పొయ్యిలు పక్కపక్కనే పెట్టింది. ఒక తపేలాలో బోరింగు నీళ్ళు, ఒకదాంట్లో కొత్తబోరు నీళ్ళు, రెండింట్లోనూ అవే బేడలు. ఊరంతా చుట్టూ మూగింది. బోరింగు తపేలాలో బేడలు బేడలుగానే గంతులేస్తుంటే, కొత్తబోరు తపేలాలో పప్పు వెన్న మాదిరి అయిపోయింది. పప్పుగుత్తి పెట్టే పని కూడా లేకపోయింది. ఆమె వేలితో తీసి నాలుక్కి రాసుకుని, నీళ్ళు ఒక గుక్క తాగి చూసి, "ఇవే మంచినీళ్ళు. కొళాయిల్లోకి వదులుకోండప్పా" అంది. ఆ పూట ఆమె మొహం చూసి తీరాలి. ఓబుళేసంతటివాడు తన మాట కోసం నిలబడ్డాడంటే ఏ ఆడమనిషికి మాత్రం ఒళ్ళు పొంగదు? మరునాటి నుంచి కొళాయి నీళ్ళు మనుషులకు, బోరింగు నీళ్ళు బర్రెలకు. బోరింగు పక్కనే తొట్టి కూడా కట్టేశారు.

ఆ తరువాతి సంవత్సరం ఈశ్వరి పుట్టింది. కడుపులో ఉండగా కొళాయి నీళ్ళే, పాలు మాన్పించాక కొళాయి నీళ్ళే. బిడ్డ అందరిలాగే పాకింది, నడిచింది, పరిగెత్తింది. పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వచ్చేసరికి వాటి మీద పచ్చటి చారలు. బొగ్గుతో తోమించారు, వేపపుల్లతో తోమించారు, పిల్ల సరిగా తోముకోవడం లేదని రెండు దెబ్బలు కూడా వేశారు. ఆ తరువాత మోకాళ్ళు. నడుస్తుంటే రెండు మోకాళ్ళూ ఒకదానికొకటి ఒరుసుకునేవి, పాదాలు మాత్రం ఎడంగా పడేవి. బళ్ళో పిల్లలు వెనకనుంచి అదే నడక నడిచి చూపించి నవ్వేవాళ్ళు. పాడు పిల్లలు. వాళ్ళ పళ్ళకూ అవే చారలున్నాయి, అది చూసి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయేదాకా అది నీళ్ళ పని అని ఎవరికీ తట్టలేదు. డాక్టరు పిల్లను నిలబెట్టి చూశాడు, పడుకోబెట్టి చూశాడు, ఎముకల ఫొటో తీయించాడు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఉంది, అది ఎముకల్లో చేరింది అన్నాడు. కాచి తాగితే పోతుందా అని గంగప్ప అడిగితే, కాచితే ఇంకా చిక్కబడుతుందే గానీ పోదన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, గట్టిగా, ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పిల్ల ఇంకా ఎదిగే వయసులో ఉంది, ఇప్పటినుంచైనా మంచినీళ్ళు తాగితే ఇంతటితో ఆగుతుంది, కొంచెం చక్కబడినా పడొచ్చు. ఇవే నీళ్ళు తాగిస్తే మాత్రం పెద్దమనిషి అయ్యేసరికి లేచి నిలబడలేదు. హనుమక్క తల ఊపింది. ఈశ్వరి బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ గోడ మీది బొమ్మ చూస్తోంది.

బయటికొచ్చాక గంగప్ప బస్టాండు అంగట్లో సీసా నీళ్ళు కొన్నాడు. పిల్ల ఆ సీసాను దేవుడి ప్రసాదంలా రెండు చేతులా పట్టుకుని ఊరొచ్చేదాకా గుక్కగుక్కగా తాగింది. ఆ వైభవం ఆ ఒక్క రోజుతో సరి. రోజూ సీసాలు కొని తాగడానికి వాళ్ళేమన్నా కాంట్రాక్టర్లా?

ఆ యేడే బెళుగుప్పలో ఎవరో ఫిల్టరు నీళ్ళ మిషను పెట్టారు. ఆటోలో క్యాన్లు వేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు. ఈ ఊరు ఆఖరిది కాబట్టి ఇక్కడికి వచ్చేసరికి ఆటోలో మిగిలేవే తక్కువ. ఇంటికొకటి ఇస్తే గొప్ప, అదీ వారంలో ఏ రెండుసార్లో. ఒక క్యాను పెద్దవాళ్ళకూ పిల్లలకూ అందరికీ చాలదు. ఎవరో ఒకరు తాగాలి, మిగతావాళ్ళు కొళాయికి పోవాలి.

ఇంట్లో చిన్నవాడు కేశవ ఉన్నాడు. మూడేళ్ళు. కాళ్ళు వెదురు బద్దల్లా నిటారుగా ఉన్నాయి.

మొదటి క్యాను దించుకున్న రోజు గంగప్ప దాన్ని గూట్లో పెట్టి, పిల్లవాణ్ణి చూసి, "పాపకు ఎట్లాగూ అయిపోయినాది. వీన్నన్నా కాపాడుకుందాం" అన్నాడు. అయిపోయిందట! చెట్టంత మనిషి, నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి. అంటే ఆయనకు కూతురంటే ప్రేమ లేదని కాదు. ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ బస్సులో మొహం తిప్పుకుని కూర్చున్నది ఆయనే. హనుమక్క ఆ మాట విని క్యాను మీద గుడ్డ కప్పింది. అప్పటినుంచి కేశవకు క్యాను నీళ్ళు, మిగతా ముగ్గురికీ కొళాయి నీళ్ళు.

నిజం చెప్పాలంటే ఆమెకు ఆ రోజుల్లో ఏమీ అనిపించేది కాదు. ఏడుపు వచ్చేది కాదు, కోపమూ వచ్చేది కాదు. పొద్దున్నే లేచేది, కల్లాపి చల్లేది, సంగటి కెలికేది, కూలికి పోయి వేరుశనక్కాయలు వొలిచేది, వచ్చి పడుకునేది. ఎవరైనా పిల్ల కాళ్ళ సంగతి అడిగితే పక్కింటి పిల్ల సంగతి చెప్పినట్టు చెప్పేది. పెళ్ళి వంటలకు పిలిస్తే పోయేది, వండేది, ఉప్పు చూడమని పక్కవాళ్ళకు గరిటె ఇచ్చేది. తన నాలుక మీద తనకే నమ్మకం పోయిందని ఎవరితో చెప్పుకుంటుంది?

ఈశ్వరి మాత్రం ఏనాడూ క్యాను నీళ్ళు కావాలని అడగలేదు. తల్లి కూలికి పోయినప్పుడు తమ్ముడికి గ్లాసులో పోసి ఇచ్చేది ఆ పిల్లే. వాడు సగం తాగి వదిలేస్తే మిగిలినవి ఒక్క చుక్క కింద పోకుండా వాడికే చెంబులో దాచిపెట్టేది. తను పోయి కొళాయి కింద దోసిలి పట్టేది. అడగని పిల్లకు అవసరం లేదనుకోవడం పెద్దవాళ్ళకు ఎంత సుఖమో. హనుమక్క కూడా అలాగే అనుకుంది. పిల్లకు తెలియదులే అనుకుంది.

మరుసటి వేసవి మొదట్లో, బళ్ళకు సెలవులు ఇవ్వకముందే, నీళ్ళు పరీక్ష చేసే మనిషి ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చాడు. జయరాం అని, గుత్తి వైపు కుర్రాడు. ఊళ్ళో నీళ్ళు పరీక్ష చెయ్యడానికొచ్చి తను తాగడానికి మూత తియ్యని సీసా తెచ్చుకున్నాడు. తప్పు పట్టడానికేం లేదు, అతనికి సంగతి తెలుసు మరి. రచ్చబండ మీద పెట్టె తెరిచి, గాజుగొట్టంలో కొళాయి నీళ్ళు పట్టి, ఎర్రమందు చుక్కలు వేశాడు. నీళ్ళు పసుపుపచ్చకు తిరిగాయి. పచ్చబడితే చెడ్డవి, గులాబీ రంగులో నిలిస్తే మంచివి అని ముందే చెప్పాడు కాబట్టి జనం పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఫిల్టరు క్యాను నీళ్ళు గులాబీ రంగులో నిలిచాయి. అదీ అనుకున్నదే.

ఊళ్ళో ఇంకేమైనా బోర్లున్నాయా అని అడిగితే, బడి దగ్గర పశువుల బోరింగు ఉందన్నారు. అదీ పట్టుకు రమ్మన్నాడు. ఆ నీళ్ళలో చుక్కలు వేసి పైకెత్తి చూశాడు. గులాబీ రంగు. గొట్టం కడిగి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే రంగు.

జయరాం ఆ గొట్టాన్ని అందరికీ చూపించి, ఈ నీళ్ళలో ఉప్పదనం ఉంది గానీ ఫ్లోరైడు లేదనే చెప్పొచ్చు, భయం లేకుండా తాగండి అన్నాడు. ఓబుళేసుకు నవ్వొచ్చింది. బర్రెల నీళ్ళు మనుషులు తాగేదేంది, వాటిలో బేడ కూడా ఉడకదు అని చెప్పాడు.

"బేడను చూసి నీళ్ళు చెప్పకూడదన్నా" అన్నాడు జయరాం. "మీ కొళాయి నీళ్ళలో సోడా గుణం ఎక్కువుండాది. బేడ అట్ల మెత్తబడేది దానికే. ఆ గుణమున్న నీళ్ళలోకే రాళ్ళలో ఉండే ఈ విషం ఎక్కువ దిగుతాది."

హనుమక్క ఆడవాళ్ళ వెనకాల నిలబడి వింటోంది. సోడా సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? పెళ్ళి వంటల్లో పప్పు ముదురుగా ఉంటే చిటికెడు వంటసోడా వేసి మెత్తబరిచిన చెయ్యి అది. ఎన్ని పెళ్ళిళ్ళలో వేసిందో. ఆ రోజు రెండు పొయ్యిల ముందు కూర్చుని ఆ సంగతి తట్టలేదు. మంచినీళ్ళు ఊరి నడిమధ్య, బడి పక్కన, ఊరికే చెయ్యి ఆడిస్తే వచ్చేవి. అవి కాదని ఈ నీళ్ళు చూపించింది తనే. జనంలో ఎవరూ ఆమె వైపు తిరిగి చూడలేదు. తిట్టినా బాగుండేది.

చివరికి ఓబుళేసే ఆమెను పిలిచాడు. ఇంత జరిగాక కూడా ఆ పెద్దమనిషికి హనుమక్క మాటే కావాలి. "ఏమ్మా, నువ్వు చెప్పు. ఆ నీళ్ళు మనుషులు తాగొచ్చునా?"

ఆమె ఇంటికి పోయి బిందె కడిగి, బోరింగు దగ్గరికి పోయింది. తొట్టి దగ్గర నీళ్ళు తాగుతున్న బర్రెలను పక్కకు తోలి, బిందె పెట్టి కొట్టడం మొదలుపెట్టింది. ఊరంతా చూస్తోంది. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. బిందె చంకన పెట్టుకుని ఇల్లు చేరేసరికి గంగప్ప గడప దగ్గరే ఎదురొచ్చాడు. పశువుల నీళ్ళు ఇంట్లోకి తెస్తావా, నలుగురిలో తలెత్తుకోనీవా అని గొంతు లేపాడు. ఆమె ఆయన్ను దాటుకుని లోపలికి పోయి బిందె దించింది.

"క్యాను వానికి ఉండనీ. ఇవి పాపకు. నేనూ ఇవే తాగుతా" అంది.

బడి వదిలాక ఈశ్వరి వచ్చింది. సంచి దించీ దించకముందే తల్లి గ్లాసు నిండా ముంచి చేతికిచ్చింది. పిల్ల ఒక గుక్క తాగి మొహం ముడిచింది. ఆ రుచి ఎక్కడిదో తెలుసు. ఆటలాడి దప్పికైనప్పుడు బోరింగు కింద నోరు పెట్టి పెద్దవాళ్ళతో తిట్లు తిన్న పిల్లే కదా. గ్లాసులోకి చూసింది, తల్లిని చూసింది. గూట్లో గుడ్డ కప్పిన క్యాను వైపు కూడా ఒకసారి చూసింది.

"మా, నేనేమన్నా తప్పు చేసినానా?"

తమ్ముడికి ఫిల్టరు నీళ్ళు, తనకు కొళాయి నీళ్ళు అన్నప్పుడు నోరెత్తలేదు. ఇప్పుడు కొళాయి నుంచి కూడా దించి బర్రెల పక్కన పెడుతున్నారేమో అనుకుంది పాపం. హనుమక్క పిల్ల ముందు చతికిలబడి, "లేదు పాపా. ఇవే మంచినీళ్ళంట. పరీక్ష చేసి చెప్పినారు" అంది.

"డాక్టరు చెప్పిన మంచినీళ్ళా?"

"ఆఁ, అవే."

ఈశ్వరి ముక్కు మూసుకుని గ్లాసు ఖాళీ చేసింది. ఆగకుండా బిందె దగ్గరికి పోయి తనే ఇంకో గ్లాసు ముంచుకుంది. అదీ తాగింది. మళ్ళీ ముంచుకుంటుంటే, కడుపు నొస్తుంది ఆగమని తల్లి చెయ్యి పట్టుకుంది.

"దినమూ ఎన్ని తాగితే కాళ్ళు బాగైతాయి మా?" అని అడిగింది పిల్ల.

కాళ్ళు బాగుపడే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మొగుడూ పెళ్ళామూ వాళ్ళలో వాళ్ళు కూడా ఎత్తలేదు. "నీకెవరు చెప్పినారే?" అంది హనుమక్క.

"ఆ పొద్దు ఆసుపత్రిలో డాక్టరు చెప్పె కదా. నేనూ ఆడనే ఉంటి కదా మా."

హనుమక్క పిల్ల చెయ్యి వదిలేసింది. ఈశ్వరి మూడో గ్లాసు ముంచుకుని, కింద చుక్క పడకుండా రెండు చేతులా పట్టుకుని తాగుతోంది. ఒక యేడాది పొడుగునా తెలిసి తెలిసి తమ్ముడికి పోసిన చేతులు అవి. హనుమక్కకు అప్పుడు ఏడుపు వచ్చింది.