పేపరు ముక్క మీద చుక్క

స్పిరిట్ సీసా మూత తీసి సోమలింగం మరోసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన రాలేదు. మాస్కు కిందికి లాగి చూసినా రాలేదు. జలుబేమోలే అనుకుని మూత బిగించి, ఎండిన రక్తపు చుక్క ఉన్న స్లైడును తెలుగు పేపరు ముక్క మీద పెట్టాడు. చుక్కలోంచి కింది అక్షరాలు కనిపిస్తేనే అది సరైన మందం. సిరిసిల్ల నుంచి ఇక్కడికి వలస వచ్చి, రాత్రుళ్లు మగ్గం నడుపుతూ పగలు ల్యాబు పని నేర్చుకున్నాడు. నవాగామ్ జ్వరాల కేంద్రంలోనే తల నెరిసింది.

గది మూల కొత్త మెషీను ఉంది. స్లైడు పెడితే తనే ఫొటోలు తీసి, మలేరియా క్రిమి ఉందో లేదో చెబుతుంది. దాన్ని నమ్మవచ్చో లేదో తేల్చడానికి ప్రతి స్లైడునూ అతనూ చూడాలి, అదీ చూడాలి. ఒకరి మాట ఒకరికి తెలియకూడదు. అందుకే మెషీను నడిపే లత దాని తెర మీద తన చున్నీ కప్పుతుంది.

"కొత్త కోడలు లేచిందా బిడ్డా?" అన్నాడు సోమలింగం, మెషీను వైపు గడ్డం ఎత్తి.

"ఎప్పుడో లేచింది కాకా. నీ లెక్క చాయ్ చాయ్ అని సతాయిస్తలేదు."

"ముసుగు తియ్యకు మరి. మామ ముంగట జర ఇజ్జత్ ఉండాలె."

నవ్వబోతే సోమలింగానికి దగ్గు వచ్చింది. లత కిటికీ ఇంకాస్త తెరిచింది.

వరండాలో సాంబయ్య జ్వరంతో వణుకుతూ కూర్చున్నాడు. సోమలింగం ఉండే గల్లీవాడే, మగ్గం పనివాడు.

"అన్నా, మలేరియా అని రాయే. కరోనా అంటె బండ్ల ఎత్కపోతరు. పోయినోళ్ల మొకం సుత సూడనిస్తలేరు."

"నేను రాస్తె వస్తదారా? ఉంటె ఉంటది."

రంగు వేసిన అతని స్లైడు మీద నూనె చుక్క వేసి, మైక్రోస్కోపుకు కన్ను ఆనించాడు. ఒకచోట సన్నని ఉంగరం, దాని అంచున ఎర్రని చుక్క. మలేరియా క్రిమి అలాగే ఉంటుంది. ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ సంతోషానికే భయపడ్డాడు. మనవాడు కదా అని కన్ను లేనిదాన్ని చూస్తోందేమో! రంగు మరకే అయి ఉంటుందనుకుని స్లైడు జరిపేశాడు. 'లేదు' అని చీటీ రాసి డబ్బాలో వేశాడు. మలేరియా కాకుంటే కరోనాయేనని డాక్టరు ఆస్పత్రి బండికి ఫోన్ చేయించాడు.

లత అదే స్లైడును మెషీనులో పెట్టింది. చున్నీ అంచు ఎత్తి తెర చూసి, చీటీల డబ్బా వైపు తిరిగింది. ఇద్దరి మాటకూ తేడా వస్తే స్లైడును ఇంకో కేంద్రానికి పంపాలి, అక్కడివాళ్లు రేపెప్పుడో చూస్తారు. బయట బండి ఆగిన చప్పుడైంది. ఆమె స్లైడును తెచ్చి మళ్లీ సోమలింగం ముందు పెట్టింది.

"కాకా, దీని మీద నూనె సరిగ తుడవలే."

"తుడిచిన గదనే."

"తుడవలే."

ఆమె చూపు వరండా వైపే ఉంది. సోమలింగం మళ్లీ కన్ను ఆనించాడు. ఈసారి అది ఎవరి నెత్తురో మరిచిపోయి చూశాడు. ఉంగరం అక్కడే ఉంది. పక్కన ఇంకొకటి.

"ముందుగాలనే కనవడ్డది బిడ్డా. మనోడని భయపడ్డ."

"మరి ఆ చీటీ మారుస్తవా?"

"వద్దు. నేను తప్పిన, కోడలు పట్టింది. అది గట్లనే ఉండని. లేకుంటె దాన్ని ఎవలు నమ్ముతరు?"

డాక్టరుకు తనే వెళ్లి చెప్పి, గోలీలు తెచ్చి సాంబయ్య చేతిలో పెట్టాడు. "అన్నీ మింగు. జ్వరం తగ్గిందని సగం జేబుల వెట్టుకోకు."

"మలేరియా వచ్చినందుకు మిఠాయి పంచుత అన్నా!" అని సాంబయ్య గోడ పట్టుకుని లేచాడు.

బండి ఇంకా గేటు దగ్గరే ఉంది. సోమలింగం దగ్గు ఆగక మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు లతకు, పొద్దున్నుంచీ స్పిరిట్ వాసన రావడం లేదని. సాంబయ్య కోసం వచ్చిన బండిలో అతనే ఎక్కాడు.

"చూపిచ్చుకోని వస్త. స్లైడ్లు ఎండల పెట్టకు బిడ్డా."

తలుపు మూసేశారు. అద్దం వెనక చెయ్యి ఊపుతున్నాడో, దగ్గుతున్నాడో లతకు తెలియలేదు.

కొన్నాళ్లకు, జ్వరం తగ్గిన సాంబయ్యే దారిలో విని ఆ కబురు తెచ్చాడు, సోమలింగం ఇక రాడని. మిఠాయి పొట్లం తెచ్చినవాడు, గడప దగ్గరే నిలబడి, దాన్ని విప్పకుండా వెనక్కి తీసుకుపోయాడు. లత మెషీను మీది చున్నీ తీసి భుజాన వేసుకుంది. బల్ల మీద, మూత బిగించిన స్పిరిట్ సీసా కింద, ఆ పేపరు ముక్క ఫ్యాను గాలికి ఒక మూల లేచి పడుతోంది.